ఆఫీసు ఏఐ అసిస్టెంట్‌కి మీ పని పద్ధతి చెప్పడం ఎలా: కస్టమ్ ఇన్‌స్ట్రక్షన్స్ సమగ్ర మార్గదర్శి

"మెయిల్ చిన్నగా రాయమంటే ఆ పూటకి రాస్తుంది. మర్నాడు మళ్లీ మొదటికే." ఆఫీసులో చాట్‌జీపీటీ, కోపైలట్, జెమినై, క్లాడ్ లాంటివి వాడేవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. దీనికోసం సెట్టింగ్స్‌లోనే "కస్టమ్ ఇన్‌స్ట్రక్షన్స్" అనే ఒక పెట్టె ఉంది. ప్రతి చాట్‌లోనూ పాటించాల్సిన మీ సూచనలు అందులో రాసి పెట్టుకోవచ్చు. చాలామంది దాన్ని తెరిచి, తమ గురించి నాలుగు వాక్యాలు రాసి, తేడా ఏమీ కనపడక వదిలేస్తున్నారు.

తేడా కనపడకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అందులో పరిచయం ఉంటుంది కానీ పని ఉండదు. "నేను పదేళ్ల అనుభవమున్న అకౌంటెంట్‌ని, నాణ్యతకు ప్రాధాన్యమిస్తాను" అని రాస్తే అసిస్టెంట్ తన జవాబులో ఏం మార్చుకోవాలి? అందుకే కింద చెప్పే అన్ని మెట్లకూ కొలత ఒక్కటే: పెట్టెలోని ప్రతి వాక్యమూ జవాబులో ఏదో ఒకటి మార్చాలి. ఏమీ మార్చని వాక్యాన్ని కొట్టేయాలి.

ఉదాహరణ కోసం ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. విజయవాడలో మందుల హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. మెడికల్ షాపుల బాకీలు, ఎక్స్‌పైరీ రిటర్న్స్ (గడువు తీరి వెనక్కి వచ్చే మందులు), కంపెనీ డిపోలతో మెయిల్స్, మధ్యలో ఎక్సెల్. మీ పని వేరైనా మెట్లు ఇవే.

## 1. పెట్టె వెనక ఏం జరుగుతుంది

మీరు కొత్త చాట్ తెరిచి "ఈ షాపుకి రిమైండర్ రాయి" అని టైప్ చేస్తే, అసిస్టెంట్‌కి ఆ ఒక్క వాక్యమే అందదు. పెట్టెలో రాసి పెట్టినదంతా దానికి ముందు చేరి వెళ్తుంది. పెట్టెలో రాసినంత మాత్రాన మోడల్ (అసిస్టెంట్ వెనక పనిచేసే ఏఐ) మిమ్మల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టదు. ప్రతి చాట్‌లోనూ ఆ రాతను కొత్తగా చదువుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే తర్వాత వచ్చే తికమక చాలావరకు పోతుంది.

- పెట్టెలోని సూచనకూ ఇప్పుడు టైప్ చేసినదానికీ పొంతన కుదరకపోతే, సాధారణంగా ఇప్పటి మాటే నెగ్గుతుంది. "90 పదాల్లోపు" అని పెట్టెలో ఉన్నా, చాట్‌లో "వివరంగా రాయి" అంటే వివరంగానే వస్తుంది. అది లోపం కాదు.
- చాట్ బాగా పొడుగైతే సూచనల పట్టు సడలుతుంది. పొద్దున్న తెరిచిన చాట్‌లోనే సాయంత్రం దాకా పది రకాల పనులు చేయిస్తే ఈ ఇబ్బంది తప్పదు.
- మెమరీ వేరు, ఈ పెట్టె వేరు. మెమరీలో అసిస్టెంట్ తనంతట తాను దాచుకున్న విషయాలుంటాయి. పెట్టెలో మీరు రాసినవే ఉంటాయి. రెండూ ఒకదానికొకటి అడ్డం పడగలవు.
- ఇది సూచన మాత్రమే, తాళం కాదు. "తప్పులు రాయొద్దు" అని రాసినంత మాత్రాన తప్పులు ఆగవు. ఆగేలా ఎలా రాయాలో 5వ మెట్టులో చూద్దాం.

## 2. రాయకముందు చూసుకోవాల్సినవి

☐ ఆఫీసు ఇచ్చిన ఖాతాలోనే ఉన్నారా? సొంత ఖాతాలో ఆఫీసు పని చేయకండి. వ్యక్తిగత ప్లాన్లలో మీరు సెట్టింగ్ మార్చుకోకపోతే మీ చాట్లను మోడల్ శిక్షణకు వాడే వీలు ఉండొచ్చు. చాట్‌జీపీటీ బిజినెస్, ఎంటర్‌ప్రైజ్ లాంటి సంస్థల ప్లాన్లలో మామూలుగా వాడరు.

☐ ఆఫీసులో ఏఐ వాడటానికి అనుమతి ఉందా? 2025 జనవరి చివర్లో కేంద్ర ఆర్థిక శాఖ తన ఉద్యోగులకు ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని చెప్పింది. ప్రైవేటు సంస్థల్లోనూ ఇలాంటి నిబంధన ఉండొచ్చు. హెచ్‌ఆర్‌నో ఐటీ వాళ్లనో ఒక్క మాట అడగండి.

☐ పెట్టె కనిపిస్తోందా? సాధారణంగా సెట్టింగ్స్‌లో "పర్సనలైజేషన్" లేదా "ప్రొఫైల్" కింద ఉంటుంది. మెనూ పేర్లు మారుతూనే ఉంటాయి కాబట్టి "ఇన్‌స్ట్రక్షన్స్" అన్న మాట కోసం వెతకండి. ఎక్కడా కనపడకపోతే అడ్మిన్ ఆపేసి ఉండొచ్చు.

☐ ఒకే లాగిన్‌ను నలుగురు వాడుతున్నారా? చిన్న ఆఫీసుల్లో ఇది మామూలే. అప్పుడు మీ సూచనలు మిగతా ముగ్గురి జవాబుల్లోకీ వెళ్తాయి. విడి లాగిన్ ఇప్పించుకోవడమే మేలు.

☐ మెమరీలో ఏముందో తెరిచి చూశారా? పాత ఉద్యోగం, పాత హోదా, ఎప్పుడో అడిగిన ఇంటి విషయాలు ఉంటే తీసేయండి.

## 3. సవరణల చిట్టా: అసలు పని ఇక్కడే

పెట్టె ముందు కూర్చుని "ఏం రాయాలి" అని ఆలోచిస్తే పరిచయమే వస్తుంది. అందుకని ఒక వారం పాటు ఏమీ రాయకండి. అసిస్టెంట్‌తో మామూలుగానే పని చేయించుకోండి. అది ఇచ్చినదాన్ని పంపేముందు మీరు చేతితో ఏం మార్చారో ఒక నోట్‌ప్యాడ్‌లో ఒక్కో లైనుగా రాసుకోండి.

మన ఉద్యోగి చిట్టా ఇలా ఉంటుంది:

- రిమైండర్ మెయిల్ పైన "తప్పకుండా! ఇదిగో మీ మెయిల్" అని ఉంది. కొట్టేశాను.
- అడగకపోయినా చివర "మీరు ఇంకా ఇలా చేయవచ్చు" అని నాలుగు సలహాలు. కొట్టేశాను.
- బాకీ మొత్తాన్ని 0.18 మిలియన్ అని రాసింది. రూ. 1,84,500 అని మార్చాను.
- 05/06 అని తేదీ వేసింది. జూన్ 5 అని మార్చాను.
- మొదటి రిమైండర్‌లోనే "చట్టపరమైన చర్యలు" అంది. పాతికేళ్లుగా సరుకు తీసుకుంటున్న పార్టీ! తీసేశాను.
- షాపు యజమాని పేరు నేను ఇవ్వలేదు. ఏదో ఒక పేరు తనే వేసింది.
- తెలుగు సందేశం "మీ యొక్క బకాయి మొత్తమును సత్వరమే చెల్లించవలసినదిగా కోరుచున్నాము" అని వచ్చింది. మొత్తం మళ్లీ రాశాను.
- క్రెడిట్ నోట్ అంటే ఏమిటో నాకే వివరించింది.
- ఎక్సెల్ ఫార్ములా అడిగితే ముందు రెండు పేరాల పాఠం, ఆ తర్వాత ఫార్ములా.
- మళ్లీ 0.2 మిలియన్.

వారం తర్వాత చిట్టాని మూడు గుంపులు చేయండి. రెండు మూడు సార్లు వచ్చినవి పెట్టెలోకి వెళ్తాయి. ఒక్కసారే వచ్చి, పంపితే పరువు పోయే రకం ఉంటాయి. చట్టం బెదిరింపు, కల్పించిన పేరు అలాంటివి. అవీ పెట్టెలోకే. మిగిలినవి వదిలేయండి.

ఈ మెట్టు దాటేసి ఇంటర్నెట్‌లో దొరికిన "బెస్ట్ ప్రాంప్ట్" తెచ్చి అతికించేవాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికాలోని మార్కెటింగ్ కన్సల్టెంట్ అవసరాల కోసం రాసినది అది. మీ పార్టీలకు పంపే వాట్సాప్ సందేశం సంగతి దానికేం తెలుస్తుంది?

వారం ఆగే ఓపిక లేకపోతే, ఇటీవల మీరు పంపిన మెయిల్స్‌నూ వాటికి అసిస్టెంట్ ఇచ్చిన మొదటి డ్రాఫ్ట్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. చిట్టాలో సగం అక్కడే దొరుకుతుంది.

## 4. ఏ సూచన ఎక్కడ పెట్టాలి

అన్నీ ఒకే పెట్టెలో కుక్కకూడదు. సూచనలకు నాలుగు చోట్లున్నాయి.

సంస్థ స్థాయి. కొన్ని ప్లాన్లలో అడ్మిన్ అందరికీ కలిపి పెడతారు. మీరు ముట్టుకునేది కాదు. ఉందో లేదో మాత్రం అడిగి తెలుసుకోండి.

మీ పెట్టె. ఏ పనిలోనైనా, ఎప్పుడైనా నిజమయ్యేవి మాత్రమే. అంకెలు రాసే పద్ధతి, తేదీలు, ముందుమాటలు వద్దనడం లాంటివి.

ప్రాజెక్టు స్థాయి. చాట్‌జీపీటీలో, క్లాడ్‌లో "ప్రాజెక్ట్స్", జెమినైలో "జెమ్స్", కోపైలట్‌లో "ఏజెంట్లు". ఒకే రకం పనికి ప్రత్యేక సూచనలు ఇక్కడ పెట్టొచ్చు. ఎక్స్‌పైరీ రిటర్న్స్ పని నెలకు ఒక్క వారమే ఉంటే, కంపెనీవారీ షరతులను మీ పెట్టెలో పెట్టడం దండగ. ఆ పనికి ఒక ప్రాజెక్టు తెరిచి అందులో పెట్టండి.

ఈ చాట్. ఈరోజు ఒక్కరోజుకే వర్తించేది అక్కడే టైప్ చేయాలి.

ఎక్కడ పెట్టాలో తేలకపోతే ఒక ప్రశ్న వేసుకోండి: "రేపు పూర్తిగా వేరే పని అడిగినప్పుడు కూడా ఇది ఉండాలా?" అవసరం లేదనిపిస్తే పెట్టెలో పెట్టకండి.

## 5. సూచనలు రాయడం

### 5.1 పని గురించి నాలుగు వాక్యాలు

పేరు, అనుభవం, అభిరుచులు అక్కర్లేదు. మూడు సంగతులు చాలు: రోజూ చేసే పనులు, రాసేది ఎవరికి, మీకు వివరించనక్కర్లేనివి. మూడోది చాలామంది మరిచిపోతారు. "జీఎస్టీ, క్రెడిట్ నోట్, ఈ-వే బిల్లు అంటే ఏమిటో వివరించొద్దు" అన్న ఒక్క వాక్యం ప్రతి జవాబులోంచి ఒక పేరాని తీసేస్తుంది.

"నువ్వు ఇరవై ఏళ్ల అనుభవమున్న ఛార్టర్డ్ అకౌంటెంట్‌వి" అని అసిస్టెంట్‌కి బిరుదులిచ్చే అలవాటు ఒకటుంది. దానివల్ల జవాబు ధోరణి మారుతుందేమో కానీ జ్ఞానం పెరగదు. పైగా తప్పు చెప్పినా ధీమాగా చెబుతుంది. ఆ చోటుని వేరేదానికి వాడుకోండి.

### 5.2 విశేషణాలు తీసి కొలతలు పెట్టండి

- "క్లుప్తంగా రాయి" బదులు: "రిమైండర్ 90 పదాల్లోపు. మొదటి వాక్యంలోనే ఇన్వాయిస్ నంబరు, మొత్తం, గడువు దాటిన రోజులు."
- "ప్రొఫెషనల్‌గా ఉండాలి" బదులు: "మెయిల్ అడిగితే సబ్జెక్టు, బాడీ మాత్రమే. ముందుమాట, చివర సలహాలు వద్దు."
- "మర్యాదగా" బదులు: "మొదటి రిమైండర్‌లో అడగడం మాత్రమే. 'రెండోది' అని నేనంటే గడువు తేదీ చేర్చాలి. 'మూడోది' అంటే సప్లై ఆపుతామన్న మాట చేర్చాలి. చట్టం ప్రస్తావన నేను చెబితేనే."

చివరిది గమనించండి. "రెండోది", "మూడోది" అన్నవి ఇకమీదట మీ ఇద్దరి మధ్య సంకేతాలు. చాట్‌లో ఒక్క మాట టైప్ చేస్తే చాలు. పెట్టె వల్ల కలిగే అసలు లాభం ఇలాంటి సంకేతాలే.

పదాల లెక్కని మోడల్ కచ్చితంగా పాటించదు, అటూ ఇటూ అవుతుంది. 90 అంటే 105 రావచ్చు. 300 మాత్రం రాదు.

### 5.3 "వద్దు" పక్కన "ఇలా కావాలి"

వద్దన్నవాటి జాబితా పెరిగేకొద్దీ ఏం కావాలో అసిస్టెంట్‌కి అర్థం కాదు. ప్రతి "వద్దు"కీ ఒక ప్రత్యామ్నాయం ఇవ్వండి. "మిలియన్లు వద్దు" అని వదిలేయకుండా "మొత్తాలు రూ. 1,84,500 పద్ధతిలో, పెద్దవైతే లక్షలు, కోట్లు" అనండి. "తేదీలు 5 జూన్ 2026 లాగా" అని నమూనాతో చెప్పండి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి అని, క్యూ1 అంటే ఏప్రిల్–జూన్ అని కూడా రాయండి. లేకపోతే క్యాలెండర్ సంవత్సరం లెక్కేసి క్యూ1 అంటే జనవరి–మార్చి అనుకోవచ్చు.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా టీంతో పనిచేసేవాళ్లకు ఇక్కడే సమయం గొడవ. భారత కాలమానానికి అమెరికా ఈస్టర్న్ టైమ్ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. "మీటింగ్ సమయం రాస్తే రెండు చోట్ల సమయాలూ, రెండు చోట్ల తేదీలూ ఇవ్వాలి" అని పెట్టండి. తేదీ కూడా ఎందుకంటే, మన శుక్రవారం తెల్లవారుజాము వాళ్లకు ఇంకా గురువారమే.

### 5.4 తెలియనిది తెలియదని చెప్పించడం

"కల్పించి రాయొద్దు" అన్నది అందరూ రాసే వాక్యం. ఫలితం అంతంత మాత్రమే, ఎందుకంటే తను కల్పిస్తున్నానన్న సంగతి మోడల్‌కే తెలియకపోవచ్చు. దానికి బదులు, మీ కంటికి కనిపించే గుర్తు అడగండి.

- "నేను ఇచ్చిన టెక్స్ట్‌లో లేని పేరు, అంకె, తేదీ అవసరమైతే [నింపాలి] అని ఖాళీ వదలాలి."
- "పన్ను రేటు, గడువు తేదీ, నిబంధన నేను ఇచ్చినదాంట్లోంచి కాకుండా సొంతంగా చెబితే పక్కన [సరిచూడాలి] అని పెట్టాలి."

రెండోది ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. 12 శాతం, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయాయి, మందుల మీద రేటు చాలా వాటికి 5 శాతానికి దిగింది. అంతకుముందు సమాచారంతో శిక్షణ పొందిన మోడల్, వెబ్‌లో వెతకకుండా జవాబిస్తే, పాత 12 శాతమే చెబుతుంది. ఏ తడబాటూ లేకుండా చెబుతుంది.

గుర్తు పెట్టమన్నా ఒక్కోసారి పెట్టడం మరిచిపోతుంది. కాబట్టి బయటికి వెళ్లే కాగితంలో అంకెలను మీ కళ్లతో చూడాల్సిందే. [నింపాలి] అలాగే ఉన్న మెయిల్ పంపేయకుండా, పంపేముందు చదరపు బ్రాకెట్ కోసం ఒకసారి వెతకండి.

### 5.5 తెలుగు సందేశాలకు

ఏం చెప్పకుండా తెలుగు అడిగితే చాలాసార్లు ప్రభుత్వ నోటీసు భాష వస్తుంది, లేదా ఇంగ్లిష్ వాక్యానికి తెలుగు తొడుగు వస్తుంది. "వాడుక భాషలో రాయి" అంటే కొంత మారుతుంది. ఒక నమూనా సందేశం ఇస్తే చాలా మారుతుంది. మీరు నిజంగా పంపిన సందేశాల్లో నచ్చిన ఒకదాన్ని తీసుకుని, పార్టీ వివరాలు మార్చి, అలాగే పెట్టెలో పెట్టండి:

"నమస్తే అండి. ఇన్వాయిస్ 2417కి రూ. 18,400 బ్యాలెన్స్ ఉంది. గడువు దాటి 12 రోజులైంది. శుక్రవారంలోగా వేయగలరా? ఇప్పటికే వేసి ఉంటే వివరాలు పంపండి, సరిచేసుకుంటాం."

దానికి తోడు మూడు లైన్లు: "యొక్క, చేయబడినది, కోరుచున్నాము లాంటివి వద్దు, నమూనాలోని తీరులో రాయాలి. బ్యాలెన్స్, ఇన్వాయిస్, స్టాక్, బ్యాచ్ లాంటి మాటలు అలాగే ఉంచాలి. షాపుల వాళ్లను ఎప్పుడూ మీరు అనాలి, పేరు ఇస్తే గారు చేర్చాలి."

తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసే అలవాటు మీకుంటే అదీ చెప్పండి: "నేను తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా, అడిగింది డిపో మెయిల్ అయితే ఇంగ్లిష్‌లో, షాపు సందేశమైతే తెలుగు లిపిలో ఇవ్వాలి." ఈ లైను లేకపోతే మీరు రాసిన లిపిలోనే తిరిగి జవాబిచ్చే అవకాశం ఎక్కువ.

### 5.6 సూచనలు ఏ భాషలో రాయాలి

రెండిట్లోనూ పనిచేస్తాయి. మీరు ఏ భాషలో తికమక లేకుండా రాయగలరో అందులో రాయండి. ఒక ఆచరణ ఇబ్బంది మాత్రం ఉంది. పెట్టెకు అక్షరాల పరిమితి ఉంటుంది. 2023లో చాట్‌జీపీటీలో ఈ సదుపాయం వచ్చినప్పుడు ఒక్కో పెట్టెకు 1500. కంప్యూటర్ లెక్కలో ఒత్తులు, గుణింతాలు విడివిడి అక్షరాలు. "స్త్రీ" అన్నది కంటికి ఒక్క అక్షరమే, లెక్కలో ఆరు. కాబట్టి తెలుగులో రాస్తే పెట్టె తొందరగా నిండుతుంది. చోటు చాలకపోతే నియమాలు ఇంగ్లిష్‌లో, తెలుగు నమూనా సందేశం తెలుగులో ఉంచితే సరిపోతుంది.

## 6. పూర్తి నమూనా

నా పని: విజయవాడలో మందుల హోల్‌సేల్ సంస్థలో అకౌంట్స్. రోజూ: మెడికల్ షాపులకు బాకీ రిమైండర్లు, ఎక్స్‌పైరీ రిటర్న్స్‌కి క్రెడిట్ నోట్ సమాచారం, కంపెనీ డిపోలకు మెయిల్స్, ఎక్సెల్‌లో ఏజింగ్ రిపోర్ట్ (ఏ బాకీ ఎన్ని రోజులుగా ఉందో చూపే పట్టిక). షాపులకు తెలుగు వాట్సాప్, డిపోలకు ఇంగ్లిష్ మెయిల్. జీఎస్టీ, క్రెడిట్ నోట్, ఈ-వే బిల్లు వివరించొద్దు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్–మార్చి. క్యూ1 అంటే ఏప్రిల్–జూన్.

జవాబు ఇలా:
- మెయిల్ అడిగితే సబ్జెక్టు, బాడీ మాత్రమే. వాట్సాప్ అయితే సందేశం మాత్రమే.
- రిమైండర్ 90 పదాల్లోపు. మొదట ఇన్వాయిస్ నంబరు, మొత్తం, దాటిన రోజులు.
- "రెండోది" అంటే గడువు తేదీ చేర్చాలి. "మూడోది" అంటే సప్లై ఆపుతామనాలి. చట్టం మాట నేను చెబితేనే.
- మొత్తాలు రూ. 1,84,500 లాగా. తేదీలు 5 జూన్ 2026 లాగా.
- నేను ఇవ్వని పేరు, అంకె, తేదీకి [నింపాలి].
- సొంతంగా చెప్పిన రేటు, గడువు, నిబంధన పక్కన [సరిచూడాలి].
- ఎక్సెల్: ముందు ఫార్ములా, కింద ఒక లైను వివరణ.
- పని మొదలుపెట్టడానికే సమాచారం చాలకపోతే ఒక్క ప్రశ్న అడగాలి. లేకపోతే చేసి ఇవ్వాలి.
- పనికి సంబంధం లేని ప్రశ్నల్లోకి మందుల వ్యాపారం తేవద్దు.
- తెలుగు నమూనా: (5.5లోని సందేశం)

ఇంతే. దీన్ని యథాతథంగా అతికించుకోకండి. మీ చిట్టాలో లేని లైను మీ పెట్టెలో ఉండకూడదు.

## 7. పెట్టెలో పెట్టకూడనివి

- పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, బ్యాంకు ఖాతా వివరాలు.
- మీ ఆధార్, పాన్. ఇంకొకరివైతే అసలే వద్దు. ఖాతాదారుల వ్యక్తిగత సమాచారానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కింద సంస్థకు బాధ్యత ఉంటుంది.
- పార్టీల పేర్లు, వాళ్లకిచ్చే ప్రత్యేక డిస్కౌంట్లు, సహోద్యోగుల జీతాలు. పెట్టె ప్రతి చాట్‌తోనూ వెళ్తుందని గుర్తుంచుకోండి. మీరు ఇతరులతో పంచుకునే ఏజెంటో జెమ్మో అయితే, వాడేవాళ్లు గుచ్చి గుచ్చి అడిగి అందులోని సూచనలను బయటికి రప్పించగలరు.
- "మా మేనేజర్‌కి చిరాకెక్కువ" లాంటి వ్యాఖ్యలు. స్క్రీన్ షేర్ చేసినప్పుడు సెట్టింగ్స్ తెరుచుకోవడం పెద్ద విచిత్రమేమీ కాదు.

## 8. పరీక్ష

పెట్టె నింపి సేవ్ కొట్టగానే పని అయిపోలేదు. కొత్త చాట్ తెరవండి, పాతదాంట్లో పరీక్షించొద్దు. వీలైతే ఆ కాసేపు మెమరీ ఆపేయండి. లేకపోతే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒక్కో ప్రశ్నకు విడి చాట్.

☐ మామూలు పని: "ఇన్వాయిస్ 3102, రూ. 46,250, గడువు దాటి 20 రోజులు. డిపోకి కాదు, షాపుకి. రెండోది." సంకేతం అర్థమైందా? గడువు తేదీ మీరు ఇవ్వలేదు కాబట్టి [నింపాలి] పెట్టిందా?

☐ సమాచారం లేని పని: "షాపుకి రిమైండర్ రాయి" అని మాత్రమే. ఒక్క ప్రశ్న అడగాలి, లేదా ఖాళీలతో ఇవ్వాలి. అంకెలు కల్పిస్తే 5.4 లైన్లను జాబితా మొదటికి జరపండి.

☐ ఉచ్చు: "విటమిన్ సిరప్ మీద జీఎస్టీ ఎంత?" [సరిచూడాలి] గుర్తు వచ్చిందా?

☐ సంబంధం లేనిది: "రెండు రోజుల అరకు టూర్‌కి సామాన్ల జాబితా." అందులో "మీరు మందుల రంగంలో ఉన్నారు కాబట్టి" అని మొదలైందంటే పని వివరం మరీ గట్టిగా పడిందన్నమాట.

☐ ఎదురు మాట: "షాపుకి రిమైండర్ రాయి, ఈసారి 300 పదాల్లో వివరంగా." పెట్టెను పక్కనపెట్టి మీ ఇప్పటి మాట వినాలి.

ఒక్కో పరీక్షను రెండుసార్లు చేయండి. ఒకే ప్రశ్నకు ప్రతిసారీ ఒకే జవాబు రాదు కాబట్టి ఒక్కసారి సరిగ్గా వచ్చిందని సంబరపడలేం. మార్పు చేస్తే ఒకసారికి ఒక్క లైనే మార్చండి. అయిదు లైన్లు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తేలదు.

## 9. మొండి ఇబ్బందులు, మరమ్మతులు

ఒక సూచనను అస్సలు పట్టించుకోవడం లేదు. ముందు దానికి వ్యతిరేకమైన లైను ఇంకోటి ఉందేమో చూడండి. పైన "క్లుప్తంగా", కింద "కారణాలతో సహా వివరించు" ఉంటే అసిస్టెంట్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది. షరతుతో విడదీయండి: "మెయిల్ అయితే క్లుప్తంగా, నేను 'ఎందుకు' అని అడిగితే కారణాలతో." వ్యతిరేకం ఏదీ లేకపోతే సూచనల సంఖ్య ఎక్కువై ఉంటుంది. పరీక్షల్లో దేన్నీ మార్చని లైన్లు తీసేయండి.

ప్రతిదానికీ ప్రశ్నలే అడుగుతోంది. "అర్థం కాకపోతే అడుగు" అని రాసి ఉంటారు. ఎప్పుడు అడగాలో చెప్పండి: "మొత్తం, ఇన్వాయిస్ నంబరు రెండూ లేకపోతేనే."

మీరేమన్నా "సరిగ్గా చెప్పారు" అంటోంది. ఇది ఈ అసిస్టెంట్ల పుట్టుబుద్ధి. "నా లెక్క తప్పైతే మొదటి వాక్యంలోనే తప్పు ఎక్కడో చెప్పాలి" అని పెట్టి, కావాలని తప్పు మొత్తం వేసిన పట్టిక ఇచ్చి చూడండి. కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

చాట్ మధ్యలో పాత తీరుకి జారిపోయింది. దెబ్బలాడకండి. కొత్త చాట్ తెరిచి కావాల్సిన టెక్స్ట్ అందులో పెట్టండి.

నమూనా సందేశంలోని అంకెలే దింపేస్తోంది. 2417, 18,400 మీ కొత్త మెయిల్‌లోకి వచ్చాయంటే నమూనాని అక్షరాలా తీసుకుందన్నమాట. నమూనా ముందు "తీరు కోసం మాత్రమే, అంకెలు వాడొద్దు" అని చేర్చండి, లేదా నమూనాలోనే అంకెల చోట [నంబరు], [మొత్తం] పెట్టండి. బాకీల విషయంలో ఇది ప్రమాదకరమైన తప్పు కాబట్టి మొదట్నుంచీ రెండో పద్ధతే పాటించమంటాను.

వర్డ్‌లో, ఔట్‌లుక్‌లో పనిచేయడం లేదు. ఒకే కంపెనీ అసిస్టెంటైనా, చాట్ విండోలో పెట్టిన సూచనలు దాని మిగతా యాప్‌లన్నిట్లోనూ వర్తిస్తాయన్న హామీ లేదు. ఒక చిన్న పనితో ఆ యాప్‌లోనే పరీక్షించండి. వర్తించకపోతే సూచనలను ఒక ఫైలులో ఉంచుకుని అక్కడ అతికించడమే దారి.

## 10. నెలకోసారి, ఉద్యోగం మారినప్పుడు

పెట్టెలోని రాతను ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో కూడా ఉంచి, మార్చిన ప్రతిసారీ పైన తేదీ వేయండి. కొత్త మార్పుతో పని చెడితే పాతది తిరిగి పెట్టుకోవచ్చు.

☐ నెలాఖరున సవరణల చిట్టాని రెండు రోజులు మళ్లీ రాయండి. కొత్తగా ఏం దిద్దుతున్నారు?

☐ అసిస్టెంట్ మోడల్ మారిందన్న ప్రకటన వస్తే 8లోని పరీక్షలు మళ్లీ చేయండి. పాత మోడల్‌ని అదుపులో పెట్టడానికి రాసిన లైన్లు కొత్తదానికి అనవసరం కావచ్చు, ఒక్కోసారి అడ్డం కూడా.

☐ పని మారిందా? రిమైండర్ల పని వేరేవాళ్లకు వెళ్లాక ఆ లైన్లు ఎందుకు?

☐ ఆఫీసు వదిలే ముందు: మీ ఖాతాలోని సూచనలు, మెమరీ, ప్రాజెక్టులను సంస్థ నిబంధన ప్రకారం అప్పగించాలో తీసేయాలో అడగండి. తర్వాత వచ్చేవాళ్లకు ప్రాజెక్టు స్థాయి సూచనలు అందేలా చూడండి. అంకెల పద్ధతి, తెలుగు తీరు లాంటి సొంత అలవాట్ల లైన్లు మాత్రం కొత్త చోటికి మీతో తీసుకెళ్లొచ్చు. సంస్థ వివరాలున్న లైన్లు కాదు.